అధ్యక్షుడి గీత, ఆఫ్రా బూట్లు

పోటీ జరిగే ఆ ఆదివారం విగిల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. లిఫ్టు తెరవగానే కొండెక్కాలి, మంచు మీద ఒక గీత గీయాలి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి వేడివేడి క్నోడెల్ ఉండలు తినాలి. అంతే.

ఆ గీత మాత్రం చిన్న సంగతి కాదు. మంచుకొండల మధ్య ఆ టిరోల్ లోయలో కార్వింగ్ క్లబ్బు ఉంది, అంటే బోర్డుని అంచు మీద ఒరిగించి మంచుని కోస్తూ జారేవాళ్ళ క్లబ్బు. దాని పోటీ మొదలయ్యే ముందు, యంత్రం చదును చేసి వెళ్ళిన మంచు మీద ఒకరు స్నోబోర్డుతో పైనుంచి కిందిదాకా తెగని గీత గీస్తారు. గీసినవాళ్ళే ఆ ఏడాది అధ్యక్షులు. ఎన్నికలూ గిన్నికలూ లేవు. చాలా ఏళ్ళుగా ఆ గీత విగిల్‌దే. అది ఎప్పుడు తెగుతుందా అని ఉపాధ్యక్షుడు కోర్బిన్యాన్ కూడా అన్నేళ్ళుగానే కాచుకుని ఉన్నాడు.

కార్వింగ్ కోసం వేసుకునే, రాత్రంతా పొయ్యి పక్కన వెచ్చబెట్టిన గట్టి బూటులో విగిల్ కాలు దూర్చాడు. ఫట్‌మంది. పాతికేళ్ళ నాటి ప్లాస్టిక్కు, చీలమండ దగ్గర గుడ్డు పెంకులా విచ్చుకుంది.

"ఆఫ్రా! నా బూటు చచ్చిపోయింది!"

వంటింట్లోంచి భార్య తొంగిచూసింది. "పోయినేడే చెప్పాను, కొత్తవి కొనుక్కోవయ్యా అని. వింటేగా."

"ఇప్పుడా ఆ సంగతి? నేను వెళ్ళకపోతే ఆ కోర్బిన్యాన్‌గాడు గీసేస్తాడే!"

ఇంట్లో ఇంకో జత బూట్లున్నాయి. అవి ఆఫ్రావి. మెత్తనివి, ఊదారంగువి, పక్కన తెల్లపూలు. తన వెడల్పాటి బోర్డు మీద వాటితోనే ఆమె హాయిగా తిరుగుతుంది. మెత్తబూట్ల వాళ్ళందరినీ విగిల్ "ఇంటి చెప్పుల బ్యాచి" అంటాడు. వాళ్ళని క్లబ్బులోంచి గెంటేయాలని ఆ సాయంత్రమే ప్రతిపాదన పెట్టబోతున్నాడు. అదృష్టమో దురదృష్టమో, మొగుడూ పెళ్ళాలిద్దరి పాదాలూ ఒకే కొలత.

"నీ ఇంటి చె... నీ బూట్లు ఒక్క గంట ఇస్తావా?"

"తీసుకో. బోర్డు కూడా నాదే పట్టుకెళ్ళు."

"ఆ పీటా? అధ్యక్షుణ్ణే నేను!"

"నీ బోర్డు వెడల్పు నా జానెడంత కూడా లేదు. ఈ బూట్ల ముక్కులు అంచు దాటి బయటికొస్తాయి. నువ్వు ఒరగ్గానే మంచులో గుచ్చుకుంటాయి. ఇక గీత నీ మొహంతో గీయాల్సిందే."

"నాకు నేర్పుతున్నావా?"

"లేదులే. నీకు నేర్పడం ఎవరి తరం?" అని ఆఫ్రా స్క్రూడ్రైవరు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

విగిల్ ఆమె బోర్డు మీది, మెత్తబూట్లు పట్టే పట్టీల బిగింపులు ఊడదీసి తన సన్నబోర్డుకి బిగించాడు. పాదాలు దాదాపు ముందుకే చూసేలా మెలితిప్పినా ముక్కులు బయటికే ఉన్నాయి. పైన వదులు ప్యాంటు కప్పాడు. గట్టిబూట్లు వేసుకున్నవాడిలా మోకాళ్ళు వంచకుండా బిగుసుకుని నడిచాడు.

"నోటితో టకటకమని కూడా అను, నమ్ముతారు," అంది ఆఫ్రా.

లిఫ్టు నడిపే కాసియన్ అతని నడక చూసి కంగారుపడ్డాడు. "ఏం విగిల్ మావా, కాళ్ళు పట్టేశాయా?"

"లేదోయ్. కొత్త బూట్లు," అన్నాడు విగిల్, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

కాసియన్ చేతిలో వాకీటాకీ ఉంది. విగిల్ పైకి చేరేసరికి ఆ కబురు అతనికంటే ముందే చేరింది. క్లబ్బు పెద్దలంతా చుట్టుముట్టారు.

"కొత్తవటగా! చూపించరా!" అన్నాడు కోర్బిన్యాన్.

"గీత అయ్యాక చూద్దురుగాని."

"గట్టివేనా?"

"రాయి!"

కోర్బిన్యాన్ ముచ్చటపడి తన గట్టిబూటుతో విగిల్ బొటనవేలి మీద ఒక్క తొక్కు తొక్కాడు. విగిల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చూశావా, ఏమీ తెలియలేదు," అన్నాడు.

ఇంకెవరూ తొక్కకముందే బయల్దేరాడు. మొదటి మలుపు మడమల వైపు. బాగానే పోయింది. రెండోది వేళ్ళ వైపు. బోర్డు ఒరిగింది, ఊదా ముక్కులు మంచులో దిగబడ్డాయి, అంచు లేచిపోయింది. విగిల్ బోర్లాపడి జారుకుంటూ వెళ్ళి లిఫ్టు స్తంభానికి కట్టిన గడ్డిమోపుని వాటేసుకున్నాడు. ప్యాంటు మోకాళ్ళదాకా లేచింది. తెల్లపూలు లోయంతటికీ కనిపించాయి.

"ఒరేయ్! మన అధ్యక్షుడు ఇంటి చెప్పులేసుకొచ్చాడ్రోయ్!" కోర్బిన్యాన్ కడుపు పట్టుకున్నాడు.

"కావాలనే వేసుకొచ్చాను! ఇవెంత ప్రమాదమో మీకు చూపిద్దామని!"

ఎవరూ నమ్మలేదు. విగిల్ బోర్డు మోసుకుంటూ మళ్ళీ పైకెక్కొచ్చాడు. కోర్బిన్యాన్ నవ్వు తుడుచుకుని, అన్నేళ్ళ కల చంకన పెట్టుకుని, బోర్డు మీద కాలు గట్టిగా నొక్కాడు. ఫట్‌మంది. గట్టిబూట్ల వాళ్ళంతా పాతికేళ్ళ కిందట ఒకే చలికాలంలో, ఒకే దుకాణంలో, కలిసి వెళ్ళి బూట్లు కొనుక్కున్నారని అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. పెద్దలంతా తలలు వంచి ఎవరి బూట్లు వాళ్ళు చూసుకున్నారు. ఒక్కడు కూడా మోకాలు వంచే సాహసం చేయలేదు. గీత పూర్తవగానే ఊదడానికి కింద బ్యాండువాళ్ళు బాకాలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

అప్పుడు లిఫ్టులోంచి ఆఫ్రా దిగింది. చంకలో బిగింపుల్లేని తన బోర్డు, చేతిలో స్క్రూడ్రైవరు.

"విప్పు," అంది.

"ఇక్కడా? మంచులోనా?"

"మరి నా బూట్లు కదా."

"ముందే తెలిసి తెచ్చావా ఆ బోర్డు?"

"నువ్వు పడ్డాక నాకు కావాలి కదయ్యా. ఇంతకీ సాయంత్రం ఏదో ప్రతిపాదన ఉందన్నావు?"

"ఏమీ లేదు," అన్నాడు విగిల్, మేజోళ్ళతో మంచులో నిలబడి.

కోర్బిన్యాన్ బోర్డు పట్టుకున్నాడు, ఆఫ్రా మరలు బిగించింది. మెత్తబూట్లని తరిమే నియమం ఇంకా పుట్టలేదు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేకపోయారు. ఆమె దిగింది. ఆ పీట మీదే, ఎక్కడా తెగకుండా, చివరిదాకా గీసుకుంటూ పోయింది. కింద బాకాలు మోగాయి. ఆ గీత చూస్తుంటే విగిల్‌కి నిజంగానే ఏడుపొచ్చింది. అందులో సగం కుళ్ళు. మిగతా సగం ఏమిటో అతను ఎవరికీ చెప్పలేదు.

కాసియన్ జాలిపడి తన గదిలో తొడుక్కునే ఉన్ని చెప్పులు పైకి పంపించాడు. విగిల్ అవి వేసుకుని, లిఫ్టులో కూర్చుని కిందికి దిగి, బ్యాండు ముందునుంచే ఇంటికి వెళ్ళాడు. పదవి పోయినా ఒక ఘనత దక్కింది: పోటీ రోజున ఆ కొండ దిగిన వాళ్ళలో నిజంగా ఇంటి చెప్పులతో దిగినవాడు అతనొక్కడే.