పన్ను లేని స్నేహం

శనివారం పొద్దున్న పదింటికి పన్నుల శాఖ అధికారిణి వస్తుందనగా, ఫ్లయింగ్ క్లబ్బు కార్యదర్శి ఏడింటికే షెడ్డు తాళం తీసి కుర్చీలు గుండ్రంగా వేశాడు. క్లబ్బుకు ఉన్నది పదకొండు మంది సభ్యులు, రెండు సీట్ల చిన్న విమానం ఒకటి. సరదాకి ఎగిరే క్లబ్బు కాబట్టి పన్ను మినహాయించమని అర్జీ పెట్టుకున్నారు. శాఖవాళ్లు ఒకే ప్రశ్న వేశారు: సభ్యులు నిజంగా కలిసి కాలక్షేపం చేస్తారా, లేక విమానం వాడుకుని ఎవరి దారిన వాళ్లు పోతారా? రెండోదైతే మినహాయింపు లేదు. మినహాయింపు లేకపోతే విమానం అమ్ముకోవడమే.

చిక్కేమిటంటే, తొమ్మిదేళ్లుగా ఎవరి దారిన వాళ్లే పోతున్నారు. పుస్తకంలో పేరు రాసుకోవడం, మేకుకున్న తాళంచెవి తీసుకోవడం, ఎగరడం, దిగడం, ఇంటికెళ్లడం. కార్యదర్శి తప్ప మిగతావాళ్లకు ఒకరి మొహం ఒకరికి తెలియదు.

"స్నేహితుల్లా నటించమనండి," అంది అతని భార్య, చీటీలు కత్తిరిస్తూ. "ఒకళ్ల వివరాలు ఇంకొకళ్లకి రాసిద్దాం. తొమ్మిదిన్నరకి రమ్మంటే అరగంట రిహార్సల్ చాలు."

"అతుకుతుందంటావా?"

"మీ అక్కయ్యా నేనూ ఇరవై ఏళ్లుగా చేస్తున్నది అదేగా!"

అధికారిణి కూడా తొమ్మిదిన్నరకే వచ్చేసింది. కార్యదర్శి విమానం అవతలివైపు అద్దాలు తుడుస్తున్నాడు. గుమ్మంలో చీటీలు పంచుతూ ఆమెకు ఎదురైంది క్లబ్బు సభ్యుడైన పళ్ల డాక్టరు.

"రండి రండి. మీరేం చేస్తుంటారు?"

"పన్ను పనేనండి."

డాక్టరు మొహం చేటంత అయింది. "నాదీ అదే! రోజుకి ఎన్ని పీకుతారు?"

"అది ఎదుటివాళ్లని బట్టి ఉంటుంది," అందామె ఆచితూచి.

"సరే, టైము లేదు. ఇదిగో మీ చీటీ. ఆ పొడుగాయనకి బేకరీ ఉంది. మీకు ప్రాణస్నేహితుడు. ఆవిడ రాగానే 'మోకాలి నొప్పి ఎలా ఉంది అన్నయ్యా' అనాలి. కళ్లలో నీళ్లు పెట్టుకున్నా తప్పులేదు."

"ఆవిడెవరండి?"

"మినహాయింపు ఇచ్చే ఆవిడ. మహా గట్టి పిండమట. మనం ఒకళ్లనొకళ్లు ఎరగమని తెలిస్తే కొంప మునిగినట్టే."

ఆమె చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. సరిగ్గా పదింటికి అదే సంచిలోంచి గుర్తింపు కార్డు తీసి మెళ్లో వేసుకుంది. డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు.

ఇదేమీ తెలియని బేకరీ ఆయన, కార్డు కనబడగానే నాటకం మొదలుపెట్టాడు. పక్కనున్న భూగోళం టీచరమ్మ చేయి పట్టుకుని, "మెట్ల మీంచి పడ్డాడటగా, బాబు ఎలా ఉన్నాడు చెల్లెమ్మా?" అన్నాడు గద్గదంగా. పంపకంలో చీటీలు తారుమారయ్యాయి. టీచరమ్మకు ఇంకా పెళ్లే కాలేదు.

"నాకు బాబేంటి? అసలు మీరెవరండీ?"

"మంగళవారం ఎగిరేవాణ్ణి."

"ఓహో! సోమవారం దాకా ఎండిపోయే రొట్టెముక్కలు సీటు కింద వదిలేసేది మీరేనా?"

"మీది సోమవారమా? సీటు ముందుకి లాగేసి పోయేది మీరా? నా మోకాలు పోయింది అందుకే!"

అంతే, తొమ్మిదేళ్ల ఉక్రోషం ఒక్కసారిగా బయటపడింది. తలుపు సరిగ్గా వేయని గురువారం, పెన్ను ఎత్తుకుపోయే శుక్రవారం, అందరూ దొరికిపోయారు. కార్యదర్శి భార్య టీ మూడుసార్లు కాచింది. పన్నెండింటికి టీచరమ్మ విమానం ఎక్కి సీటు వెనక్కి జరిపే కిటుకు చూపించింది. జరిగింది. అందరూ చప్పట్లు కొట్టి, మళ్లీ పోట్లాటలో పడ్డారు.

ఒంటిగంటకు కార్యదర్శి అధికారిణి ముందు చేతులు కట్టుకున్నాడు. "అబద్ధమాడాం మేడమ్. రాసేయండి."

"పొద్దున్న చూసింది రాస్తే మీ పని అయిపోయినట్టే. కానీ మూడు గంటలుగా పదకొండు మందీ ఇక్కడే ఉన్నారు. ఒక్కరూ ఎగరలేదు, ఒక్కరూ ఇంటికెళ్లలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్లతో ఎవరూ ఇంతసేపు పోట్లాడరండీ. ఇలా నెలనెలా కలుస్తామని రాసివ్వండి, నేను చూసుకుంటాను." ఆమె గొంతు తగ్గించింది. "ఇంతకీ ఆ పెన్ను సంగతి తేలిందా?"

మినహాయింపు వచ్చింది. నెలకోసారన్నది వారానికోసారి అయింది. క్లబ్బు ఇంత బాగా ఎన్నడూ నడవలేదు; ఎగరడానికే ఎవరికీ తీరిక దొరకడం లేదు.