గీత ఎక్కడుంటుంది?

ఆ రోజు పొద్దున పటాలాయన పెట్టుకున్న పని ఒక్కటే. ఆఫీసరుగారు మొదటి టీ తాగేసి, రెండో టీకి ఇంకా కేకెయ్యని ఆ కాస్త మంచి సమయంలో గదిలోకి వెళ్ళి, గీతను వీధి మధ్య నుంచి కాలువ గట్టుకు జరపడానికి ఒప్పించాలి. అంతకుమించి ఆ రోజుకు ఆయనకు వేరే కోరికేమీ లేదు.

ఆయన నగరపాలక కార్యాలయంలో పటాలు గీస్తాడు. వీధిలో అందరూ పటాలాయన అనే పిలుస్తారు. ఊరు పెరిగింది, వార్డుల హద్దులు కొత్తగా గీయండి అని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పటి నుంచి ఆయనకు కంటి నిండా నిద్ర లేదు. ఎనిమిదో వార్డుకూ తొమ్మిదో వార్డుకూ మధ్య గీత, సరిగ్గా ఆయన ఉండే వీధి నడిమధ్యన పడింది. ఇల్లు ఎనిమిదిలో ఉండిపోయింది. ఎదురుగా ఆయన భార్య నడిపే చిన్న లైబ్రరీ తొమ్మిదిలోకి పోయింది. వార్డుకు ఒక్కటే లైబ్రరీ అన్నది నియమం. తొమ్మిదిలో ఇప్పటికే ఓ పెద్ద లైబ్రరీ ఉంది కాబట్టి, ఆవిడది మూతపడుతుంది.

ఈ సంగతి ఆవిడకు తెలియదు. పటం గోడకెక్కేదాకా ఇంట్లోవాళ్ళకైనా చెప్పకూడదని ఆఫీసరు అందరిచేతా ఒట్టు వేయించుకున్నాడు. అందుకని ఆయన చెప్పలేదు. మిగతా గీతలన్నిటికీ సిరా పట్టించి, ఆ ఒక్కదాన్ని మాత్రం ఆశ చావక పెన్సిలులోనే ఉంచాడు.

మెలకువగా ఉన్నప్పుడు ఆయన పెద్ద మాటకారి కాదు. ఆ లోటంతా నిద్రలో తీర్చుకుంటాడు. ఆ తెల్లవారుజామున కలలో వార్డులన్నీ మబ్బుల్లా తేలుతున్నాయి. ఎనిమిదో వార్డు చడీచప్పుడూ లేకుండా కొట్టుకుపోతోంది, దాని అంచున తమ ఇల్లు, డాబా మీద ఆరేసిన దుప్పటితో సహా. తొమ్మిదో వార్డు అంచున లైబ్రరీ, కిటికీలో భార్య, చేతిలో సగం చదివిన పుస్తకం. ఆవిడ తల ఎత్తి చూడకుండానే దూరమైపోతోంది. మధ్యలో గీత, సన్నగా, బూడిదరంగులో, ఎవరి మాటా విననట్టు కదులుతోంది. ఆయన దాన్ని బతిమాలుకున్నాడు.

"గీతా, మా వీధిలోకి రాకు. మా ఆవిడ చూస్తే తట్టుకోలేదు. కాస్త ఓపిక పట్టు, ఎవరూ చూడకుండా నిన్ను కాలువ గట్టుకి తీసుకెళ్తా."

పక్కన పడుకున్న ఆవిడ కళ్ళు తెరిచింది. మళ్ళీ మూయలేదు.

కాఫీ గ్లాసు ముందు పెడుతూ మామూలుగానే అడిగింది. "రాత్రి నిద్ర పట్టలేదా?"

"ఎక్కడ పడుతుంది. ఎంతసేపూ అదే ధ్యాస."

"ఏది?"

ఆయనకు ఒట్టు గుర్తొచ్చింది. "ఏముంది, ఆఫీసు పని."

"ఆ పని పేరు గీతా?"

కాఫీ పొలమారింది. "నీకెవరు చెప్పారు? అది బయటికి పొక్కితే నా ఉద్యోగం ఊడుతుంది," అని, చెప్పులు వేసుకున్నాడో లేదో కూడా చూసుకోకుండా బయటపడ్డాడు.

ఆవిడ లైబ్రరీ తాళం తియ్యలేదు. వెనక వీధిలో ఉండే వదినగారి దగ్గరకు, అంటే పటాలాయన సొంత అక్క దగ్గరకు వెళ్ళి, జరిగింది చెప్పి, అరుగు మీద కూర్చుంది.

"వాడా?" అంది వదినగారు. "వాడికి బస్సులో పక్క సీటాయన్ని జరగమని అడగడమే చేతకాదు. ఎవరో నమ్మించారు వాణ్ణి. పద అమ్మాయ్, దాని మొహం చూసొద్దాం."

"వద్దు వదినా, నలుగురిలో..."

"నలుగురున్నచోటే అడగాలి ఇలాంటివి."

ఆఫీసు వరండాలో ఎండ పొడుగ్గా పడుకుని ఉంది. పైన పంకాలు తిరగాలా వద్దా అన్నట్టు తిరుగుతున్నాయి. పాత కాగితాల వాసనకు ఎవరికైనా కునుకు వచ్చేలా ఉంది, గుమ్మం దగ్గర అటెండరుకు వచ్చే ఉంది. వదినగారు స్టూలు మీద తట్టి లేపింది.

"గీత ఉందా?"

"ఆ, పటాలాయన గదిలోనే ఉందండి," అన్నాడు అటెండరు కళ్ళు నలుపుకుంటూ. "పొద్దున్నుంచీ ఆయన దాని మీద నుంచి చూపు తిప్పితే ఒట్టు. భోజనానికి కూడా లేవట్లేదీ మధ్య."

"ఆఫీసరుకి తెలుసా?"

"తెలియకేం. ఆయనే కదా తెమ్మన్నది. ఈ రోజు నచ్చకపోతే రేపు మార్చేస్తారు."

వదినగారు గోడ పట్టుకుంది. ఆవిడ మాత్రం నేరుగా గదిలోకి నడిచింది. బల్లంత పటం మీద చెంప ఆనించి పటాలాయన కునుకుతీస్తున్నాడు. మొహాన ఎంత ప్రశాంతత అంటే, ఆవిడకు ఒక్క క్షణం కోపం కూడా రాలేదు, ఏడుపు మాత్రమే వచ్చింది. భుజం పట్టి కుదిపింది.

"గీత సంగతి నాకు తెలిసిపోయింది."

ఆయన లేచి, చెంపకు అంటిన సిరా తుడుచుకుని, వారాల బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలాడు. "చెబుదామనే అనుకున్నా. ఒట్టు వేయించుకున్నారు."

"ఎన్నాళ్ళుగా?"

"ఉత్తర్వు వచ్చినప్పటి నుంచీ."

"దీనికి ఉత్తర్వు కూడానా?" అంది గుమ్మం దగ్గర నుంచి వదినగారు.

"ఎక్కడుంటుంది?" అంది ఆవిడ.

"అదే కదా నా బాధ. సరిగ్గా మన గుమ్మం ముందు."

వదినగారు దొరికిన కుర్చీలో కూర్చుంది. ఆవిడ మాత్రం బల్ల దగ్గరకు ఇంకో అడుగు వేసింది. "నేను కావాలో గీత కావాలో తేల్చుకోండి."

ఆయన కళ్ళు చెమర్చాయి. లైబ్రరీ కోసం ఇంత దూరం వచ్చిన మనిషికి ఏమని చెప్పాలి? "నువ్వే. ఎప్పుడైనా నువ్వే."

"అయితే నా కళ్ళ ముందే తెగతెంపులు చేసుకోండి."

ఆయన ఇంక ఉద్యోగం గురించి ఆలోచించలేదు. రబ్బరు తీసి, పటం మీద వంగి, శ్రద్ధగా చెరపడం మొదలుపెట్టాడు. చిన్నచిన్న బూడిద పోగులు లేచి పంకా గాలికి గదంతా తేలాయి. ఆవిడ ముందు ఆయన్ను చూసింది, తర్వాత పటాన్ని చూసింది. అందులో తమ వీధి ఉంది, గోరంత ఇల్లు ఉంది, ఎదురుగా ఇంకా చిన్నగా లైబ్రరీ ఉంది, ఆయన రాతలోనే. రెంటి మధ్యా పెన్సిలు గీత కొద్దికొద్దిగా మాయమవుతోంది.

"గీత అంటే ఇదా?" అంది మెల్లగా.

"మరేదనుకున్నావు?"

ఆవిడ జవాబు చెప్పేలోపే ఆఫీసరు ఊడిపడ్డాడు. "పటం ఏదయ్యా? అచ్చువాళ్ళు ఆగరు," అంటూ దాన్ని చుట్టేసి చంకన పెట్టుకున్నాడు.

"సార్, గీత..."

"ఎవరు వీళ్ళిద్దరూ?"

"గీత కోసం వచ్చారండి," అన్నాడు వెనక నుంచి అటెండరు.

"ఆవిడతో పేచీలేమైనా ఉంటే ఆఫీసు బయట చూసుకోండి," అని ఆఫీసరు వెళ్ళిపోయాడు.

మర్నాడు అచ్చయిన పటం గోడకెక్కింది. అందులో ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఏమీ లేదు. ఎనిమిదో వార్డు సభ్యుడు దాన్ని తృప్తిగా చూసి, తొమ్మిది తనలో కలిసిందని అనుకున్నాడు. కాసేపటికి తొమ్మిదో వార్డు సభ్యురాలు చూసి, ఎనిమిది తనలో కలిసిందని అనుకుంది. మధ్యాహ్నానికల్లా ఇద్దరూ చెరో పళ్ళబుట్టతో పటాలాయన బల్ల దగ్గర తేలారు.

"పాపం, మీ వార్డు పోయిందటగా," అన్నాడు ఎనిమిదాయన.

"నాదెందుకు పోతుంది? మీదే వచ్చి నాలో పడింది. మీ మనుషుల్ని బాగానే చూసుకుంటాలెండి, దిగులు పడకండి."

"కుర్చీ ఒక్కటే ఉంటుందమ్మా."

"ఉండనివ్వండి. నేను కూర్చుంటాను."

పళ్ళబుట్టలు రెండూ వెనక్కి వెళ్ళాయి. గొంతులు పెరిగాయి. రెండు వార్డుల జనం వరండాలోకి చేరి, ఎవరు ఎవరిలో కలిశారో తెలియక, తాము ఏ పక్కన నిలబడాలో కూడా తెలియక, ఆ ఎండలో అటూ ఇటూ మెల్లగా కదులుతూ ఉండిపోయారు. ఆఫీసరు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"గీత ఏమైందయ్యా?"

"చెరిపేశానండి."

"ఎందుకు?"

"మా ఆవిడ తేల్చుకోమందండి."

"నీ సంగతి సరే, మా ఇంటి నుంచి పొద్దుటి నుంచీ ఒకటే ఫోన్లు, ఆఫీసులో గీత ఎవరని. ముందు దాన్ని తీసుకొచ్చి ఉన్నచోట పెట్టు."

"ఎక్కడో ఒకచోట పెట్టండి బాబూ," అన్నాడు ఎనిమిదాయన. "నా కుర్చీ నాకుంటే చాలు."

"గట్టిగా కనబడేలా గీయండి," అంది తొమ్మిదామె.

పటాలాయన కలం తీశాడు. ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. వార్డులు మబ్బుల్లా వచ్చి నిలిచాయి. ఈసారి గీత చెప్పిన మాట విని, వీధి వదిలి, లైబ్రరీ వెనక నుంచి తిరిగి, కాలువ గట్టు వెంట నడుచుకుంటూ పోయింది. కళ్ళు తెరిచేసరికి చెయ్యి ఆ పని చేసేసింది. ఇద్దరు సభ్యులూ గీత ఉందా లేదా అని చూశారేగానీ, ఎక్కడుందో చూడలేదు. ఒకరికంటే ఒకరు ముందుగా సంతకాలు పెట్టేశారు. వీధి మొత్తం ఎనిమిదిలోనే ఉండిపోయింది, లైబ్రరీతో సహా. తాను వారాల తరబడి అడగలేక నలిగిపోయినది ఇంత తేలిగ్గా చేతికి రావడం ఆయనకు నమ్మశక్యం కాలేదు.

"ఇంక ఈ ఆఫీసులో గీత అన్న మాట వినబడకూడదు," అన్నాడు ఆఫీసరు. "నిండుగా, మర్యాదగా, సరిహద్దు రేఖ అనండి."

ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీలో కిటికీ పక్కన కుర్చీలో పటాలాయన కునుకుతీస్తున్నాడు. భార్య సగంలో ఆపిన పుస్తకం చదువుకుంటోంది, మధ్యమధ్య తల ఎత్తి ఆయన్ను చూస్తోంది. తన కోసం ఒక మనిషి నిద్రలో కూడా బతిమాలుకున్నాడన్న సంగతి ఆవిడకు ఇంకా కొత్తగానే ఉంది. వదినగారు ఎదురుగా బెంచీ మీద వార్తాపత్రిక తిరగేస్తోంది.

పటాలాయన నిద్రలోనే చిన్నగా నవ్వాడు. "రేఖా," అన్నాడు ఎంతో ఆప్యాయంగా, "అక్కడే బాగున్నావు. కదలకు."

ఆవిడ నవ్వుకుని పేజీ తిప్పింది.

వదినగారు చెప్పులు వేసుకుంది.