చూశాను, బాగుంది

మానవజాతి చరిత్రలో మహాఘట్టాలు మూడు. మనిషి తలెత్తి ఆకాశాన్ని చూసి "ఎందుకు?" అని అడగడం మొదటిది. దానికి ఇప్పటిదాకా జవాబు దొరక్కపోవడం రెండోది. ఆ దొరకని జవాబు మీద మా అమ్మాయి పనిచేసే సంస్థవారు నూట డెబ్బై ఆరు పేజీల పరిచయ గ్రంథం వెయ్యడం మూడోది.

ఇది నా సొంత తెలివి కాదు. ఆహ్వానపత్రిక మీద అచ్చయిన మాట. నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను. అచ్చులో ఉన్నదాన్ని నమ్మడం అప్పటినుంచీ అలవాటు.

పడమటి దేశాల తత్వవేత్తలందర్నీ మనవాళ్ళకి పరిచయం చెయ్యడం ఆ సంస్థ పని. దాని డైరెక్టరుగారు ఇప్పటికి నలభై ఒక్క పుస్తకాలకి పీఠికలు రాశారు. అందుకని చాటుగా అందరూ ఆయన్ని పీఠికగారు అంటారు. పీఠిక దాటి ఆయన ఏ పుస్తకం లోపలికీ వెళ్ళినట్టు సాక్ష్యం మాత్రం లేదు. ఈసారి పుస్తకమే ఆయనది. అంటే అట్ట మీద పేరు ఆయనది. చదవడం, రాయడం, తప్పులు దిద్దడం మా అమ్మాయిది. దీన్ని పని విభజన అంటారట.

మా అమ్మాయి అక్కడ ఆరేళ్ళుగా తాత్కాలిక సహాయకురాలు. శాశ్వతం చేస్తానని పీఠికగారు ప్రతి ఏడూ మాట ఇస్తారు. ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. పైన పేపర్‌వెయిట్ కూడా ఉంది కాబట్టి ఎగిరిపోలేదని నేను ధైర్యం తెచ్చుకునేదాన్ని. ఇంతలో, తాత్కాలికంగా ఉన్నవాళ్ళందర్నీ ఈ నెలాఖరుకి తీసేస్తారని కబురు వచ్చింది. ఆ రోజునుంచీ దాని దరఖాస్తు నకలు ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి నా చేతిసంచీలో పడేశాను. అందులో జ్వరం బిళ్ళలూ, టార్చిలైటూ, పిన్నీసులూ ఎప్పుడూ ఉంటాయి. ఏ అవసరం ఎక్కడ వస్తుందో ఎవరికి తెలుసు?

సంస్థవాళ్ళు వేసిన పుస్తకాలన్నీ నేను చదువుతాను. స్కేలు పెట్టుకుని, లైను తర్వాత లైను. జ్ఞానం కోసం కాదు, భయం కొద్దీ. పిల్ల ఎవరితో తిరుగుతోందో తల్లి తెలుసుకోవద్దా? ఒకాయన విషం తాగాడు. ఒకాయన ఇల్లొదిలేసి పెద్ద జాడీలో కాపురం పెట్టాడు. ఇంకొకాయన నక్షత్రాలు చూస్తూ నడిచి నూతిలో పడ్డాడు. మరొకాయన నడివీధిలో గుర్రం మెడ కౌగిలించుకుని, ఆ తర్వాత మళ్ళీ మామూలు మనిషి కాలేదు. మా పిల్ల పొద్దున్న తొమ్మిదినుంచి సాయంత్రం ఆరుదాకా వీళ్ళ మధ్యే ఉంటుంది. నాకు నిద్ర ఎలా పడుతుంది?

అన్నిటినీ అనుమానించినాయన ఒక్కడే నాకు మనిషిలా కనిపించాడు. గ్యాసు కట్టానా, తలుపు గడియ పెట్టానా అని నేను ముప్పై ఏళ్ళుగా చేస్తున్నదీ అదే. ఆయన చేస్తే సిద్ధాంతం, నేను చేస్తే చాదస్తం.

మావారు గడియారాలు బాగుచేస్తారు. రోజూ ఒకే నిమిషానికి షికారుకి బయల్దేరే తత్వవేత్త ఒకాయన ఉండేవాడనీ, వీధిలోవాళ్ళు ఆయన్ని చూసి గడియారాలు సరిచేసుకునేవారనీ చదివి వినిపించాను. "మన వీధిలో పుట్టలేదు, బతికిపోయాం," అన్నారు.

ఆవిష్కరణ రోజు పొద్దున్న కొత్త పుస్తకం నా చేతికి వచ్చింది. పిల్ల తల దువ్వుకుంటోంది. పుస్తకాన్ని బల్ల మీద పెట్టానో లేదో దానంతట అదే తెరుచుకుంది. ఎనభై ఎనిమిదో పేజీ. ఈ లోకంలోకి ఒంటరిగా విసిరేయబడిన మనిషి గురించిన అధ్యాయం. దాని మధ్యలో ఇలా ఉంది:

"సార్, మీరు ఇక్కడిదాకా వచ్చారో లేదో నాకు తెలియదు. ఆరేళ్ళుగా తాత్కాలికంగానే ఉన్నాను. శాశ్వతం చేస్తానని మాట ఇచ్చారు. అంతా మీ చేతిలోనే ఉంది. ఒక్క సంతకం చాలు. ఇది మీ కంటపడితే ఒక్కసారి పిలవండి."

నా చేతిలో స్కేలు కింద పడింది.

"ఏమిటే ఇది?"

అది వచ్చి చూసింది. దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది.

"అయ్యో. తీసేద్దామనుకున్నానే."

విషయం ఏమిటంటే, అచ్చుకి వెళ్ళేముందు ప్రూఫులు పీఠికగారు చూడాలి. చూస్తున్నారో లేదో తెలుసుకుందామని ఇది ఆ నాలుగు ముక్కలూ మధ్యలో ఇరికించింది. మూడుసార్లు ప్రూఫులు వెళ్ళాయి. మూడుసార్లూ పై పేజీ మీద "చూశాను, బాగుంది" అని సంతకంతో తిరిగొచ్చాయి. సరే, చివర్లో తీసేద్దామనుకుంది. సరిగ్గా ఆ చివర్లోనే రెండు తుమ్ములు తుమ్మింది. రెండు తుమ్ములకి మూడు రోజులు ఇంట్లో పడుకోబెట్టింది ఎవరు? నేనే. ఆ మూడు రోజుల్లో పుస్తకం అచ్చయిపోయింది.

"ఉద్యోగం పోయింది. ఇంకెక్కడా ఇవ్వరు. పేపర్లో వేస్తారు," అన్నాను.

"అమ్మా, నువ్వు కంగారుపడకు. ఎవరు చదువుతారే?"

"నేను చదవలేదూ?"

"నువ్వు తప్ప ఎవరు చదువుతారే?"

పుస్తకం మూసి మళ్ళీ బల్ల మీద పెట్టాను. మళ్ళీ ఎనభై ఎనిమిదే. మావారు గడియారాలు చూసే భూతద్దం కంట్లోంచి తీసి, పుస్తకం వీపు తడిమి చూశారు. "నూట డెబ్బై ఆరులో సగం ఎనభై ఎనిమిది. మధ్యలో దారం వేసి కుట్టారు. ఎవరు తెరిచినా అక్కడే పడుతుంది," అన్నారు, నన్ను ఓదార్చడానికి.

నేను చేతిసంచీలో జిగురు సీసా వేసుకున్నాను.

సభ మూడింటికి. నేను ఒంటిగంటకే వెళ్ళాను. వేదిక మీద మూడు పుస్తకాలు, ద్వారం దగ్గర బల్ల మీద మూడువందలు. వేదిక మీద డైరెక్టరుగారి పేరు చీటీ ముందున్న ప్రతితో మొదలుపెట్టి, ఎనభై ఎనిమిదికీ ఎనభై తొమ్మిదికీ మధ్య జిగురు రాసి నొక్కాను. తర్వాత బల్ల దగ్గరికొచ్చి ఇంకో పది అంటించానో లేదో, కుర్చీలు సర్దే ఆవిడ వెనకనుంచి అడిగింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఊడిపోతున్నాయేమోనని గట్టిచేస్తున్నాను."

"రాసినావిడవా?"

"రాసినావిడ తల్లిని," అనేసి, నాలుక కరుచుకున్నాను. "అంటే, రాసినాయన దగ్గర పనిచేసే అమ్మాయి తల్లిని."

ఆవిడ నన్ను మూడో వరుసలో కూర్చోబెట్టి, కదలొద్దంది.

సభ నిండింది. మావారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. సంస్థ కార్యదర్శిగారు అధ్యక్షులు. ఇలాంటి పుస్తకం గత వందేళ్ళలో రాలేదనీ, రాబోయే వందేళ్ళలో అవసరం కూడా పడదనీ అన్నారు. చప్పట్లు. పీఠికగారు తల వంచుకుని కూర్చున్నారు. ఎవరు పుస్తకం ముట్టుకున్నా నేను కుర్చీలోంచి సగం లేచేదాన్ని. కానీ ముట్టుకున్నవాళ్ళంతా ముందు అట్ట చూసి, వెనక్కి తిప్పి వెనకట్ట చూసి, విసురుకోవడం మొదలుపెట్టారు. హాల్లో ఉక్కగా ఉంది. పిల్ల మాట నిజమేననిపించింది. నా ప్రాణం కాస్త కుదుటపడింది.

అప్పుడు విమర్శకుడుగారు లేచారు. ఆయన ఎంత గొప్ప విమర్శకుడంటే, పుస్తకం అందిన రోజే సమీక్ష రాయగలరు. ఇంటినుంచి తెచ్చుకున్న తన ప్రతిని రెండు చేతులతో పైకెత్తారు. అది ఎక్కడ తెరుచుకోవాలో అక్కడే తెరుచుకుంది. ఆయన పేజీ అంకె వంక ఒక చూపు చూశారు. అంకె వంకే.

"మిత్రులారా, ఈ గ్రంథానికి గుండెకాయ ఎక్కడుందో చెప్పమంటారా? ఎనభై ఎనిమిదో పేజీలో ఉంది. ఆ పేజీ చదివి నేను రెండు రోజులు అన్నం తినలేదు."

పుస్తకం ప్రెస్సునుంచి వచ్చింది ముందురోజు సాయంత్రం.

"ఆ పేజీ రచయిత గొంతులోనే వినాలని నా కోరిక," అని ఆయన కూర్చున్నారు. సభ చప్పట్లు కొట్టింది. నేను మావారి చెయ్యి పట్టుకున్నాను. ఆయన తన వాచీ మీదినుంచి నా గోళ్ళు తీశారు.

పీఠికగారు లేచి, తన పుస్తకం తెరిచారు. ఎనభై ఏడు తర్వాత తొంభై వచ్చింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చారు. మళ్ళీ తొంభై. నేను మనసులో జిగురు కంపెనీకి దణ్ణం పెట్టుకున్నాను. ఇంతలో విమర్శకుడుగారు తన ప్రతి అందించారు.

పీఠికగారిది మంచి గొంతు. ఆ గొంతుతో దేన్ని చదివినా లోతుగా ఉంటుంది.

"సార్..." అని ఒక క్షణం ఆగారు. "మీరు ఇక్కడిదాకా వచ్చారో లేదో... నాకు తెలియదు. ఆరేళ్ళుగా... తాత్కాలికంగానే ఉన్నాను."

మా అమ్మాయి గోడవారగా నిలబడి ఉంది. దాని మొహం పుస్తకం కాగితంలా ఉంది.

"శాశ్వతం చేస్తానని... మాట ఇచ్చారు. అంతా మీ చేతిలోనే ఉంది. ఒక్క సంతకం చాలు. ఇది మీ కంటపడితే... ఒక్కసారి పిలవండి."

అయిపోయింది అనుకుని కళ్ళు మూసుకున్నాను. ముందు వరుసలో ఎవరో ముక్కు చీదారు. తర్వాత చప్పట్లు. కళ్ళు తెరిచేసరికి జనం లేచి నిలబడి ఉన్నారు. కార్యదర్శిగారు మైకు లాక్కున్నారు.

"గమనించారా? ఇది సృష్టికర్తకి మానవుడు పెట్టుకున్న దరఖాస్తు! మనమందరం ఇక్కడ తాత్కాలికులమే. శాశ్వతత్వం ఆయన సంతకంలో ఉంది. 'పిలవండి' అంటే ఏమిటి? మరణం. ఇక దేవుణ్ణి 'సార్' అనడంలో ఉన్న ఆధునికత ఉందే..."

ఆ పైన ఆయన మైకు వదిలేసి కూర్చుండిపోయారు. పీఠికగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆ పేజీ రాసేటప్పుడు నేనూ చాలా బాధపడ్డాను," అన్నారు.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ నాకో జబ్బుంది. గండం గడిచిందంటే నమ్మబుద్ధి కాదు. ఈయన మంచివాడిలా పైకి నవ్వుతున్నాడు, రేపు పిలిచి తీసేస్తాడు అనిపించింది. టీలు ఇస్తుంటే నడవాలో ఆయన్ని పట్టుకున్నాను.

"అయ్యా, మా పిల్ల చెయ్యి జారి రాసింది. దాని పొట్ట కొట్టకండి."

"ఏది రాసిందమ్మా?"

"ఇప్పుడు మీరు చదివారు కదండీ. ఆ తాత్కాలికం మా అమ్మాయేనండీ. శాశ్వతం అంటే ఉద్యోగమండీ."

"మరి ఆ సార్? దేవుడు కాదూ?"

"కాదండీ. మీరేనండీ."

ముప్పై ఏళ్ళుగా తత్వం బోధిస్తున్న మనిషికి అప్పుడు తత్వం బోధపడింది. టీ కప్పు పక్కన కిటికీలో పెట్టారు. అటు చూశారు. విమర్శకుడుగారు బిస్కెట్టుతో ఇటే వస్తున్నారు.

"ఈ సంగతి ఎవరికైనా చెప్పావా అమ్మా?"

"ఇంకా లేదండీ," అన్నాను.

ఒట్టేసి చెబుతున్నాను, ఆ "ఇంకా" నోటికి అలవాటుగా వచ్చిందే గానీ నాకు వేరే ఉద్దేశం లేదు. ఆయనకి మాత్రం అందులో చాలా లోతు కనిపించినట్టుంది.

"పెన్నుందా?" అన్నారు.

పెన్నూ ఉంది, దరఖాస్తు నకలూ ఉంది. కవర్లోంచి తీసి ఇచ్చాను. ఆయన దాన్ని గోడకి ఆనించి, అలవాటు ప్రకారం చదవకుండానే "చూశాను, బాగుంది" అని రాసి సంతకం పెట్టారు. ఇది చెల్లుతుందో లేదోనని నేను రెండు రోజులు కుమిలిపోయాను. ఆఫీసులో గుమాస్తా మాత్రం తలెత్తకుండా ముద్ర వేశాడట. అక్కడ ఏ ఫైలు కదిలినా ఆ రెండు మాటలతోనే కదులుతుందట.

నెలాఖరుకి పిల్ల శాశ్వతం అయింది.

పుస్తకం ఆరు నెలల్లో రెండో అచ్చుకి వచ్చింది. "ఇప్పుడైనా ఆ పేజీ తీసేద్దాం సార్," అంది మా అమ్మాయి. పీఠికగారు కుర్చీలోంచి లేచిపోయారట. "ఏడు సమీక్షల్లో దాన్ని మెచ్చుకున్నారు. తీస్తే ఎందుకు తీశావని అడగరూ?" కనుక పేజీ ఉండిపోయింది. ఆ సంవత్సరం కాలేజీ పరీక్షల్లో ప్రశ్న కూడా వచ్చింది: శాశ్వతత్వం కోసం మానవుడి అభ్యర్థనను వివరింపుము. పది మార్కులు.

నాకు మాత్రం ఒక్కటే దిగులు. ఎక్కడో ఎవరో నిజంగా చదువుతారని.

చదివారు. మొన్న ఒక ఉత్తరం వచ్చింది, రచయితగారికి అని. రాసింది ఒక గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే ఆవిడ. "అయ్యా, ఎనభై ఎనిమిదో పేజీ చదివాను. నేనూ పదకొండేళ్ళుగా తాత్కాలికమే. పాపం, ఆ రాసిన మనిషికి సంతకం అయిందా? అయితే ఏ దారిన అయిందో దయచేసి రాయగలరు."

పీఠికగారు దాని మూల "చూశాను, బాగుంది, జవాబివ్వండి" అని రాసి మా అమ్మాయి బల్ల మీదికి పంపారు. పిల్ల ఆయన పేరుతో జవాబు రాసింది. ఆయన సంతకం పెట్టారు. పోస్టు చెయ్యమని నాకిచ్చింది. నేను స్కేలు పెట్టుకుని చదివాను.

"అమ్మా, అయింది. మీరూ ఒక పుస్తకం రాయండి. అట్ట మీద మీ సారు పేరు వెయ్యండి. ఆవిష్కరణకి మీ అమ్మగారిని తప్పకుండా తీసుకెళ్ళండి."

కింద డైరెక్టరుగారి సంతకం, గుండ్రంగా.

కవరు అంటించేముందు నేనూ ఒక ముక్క చేర్చాను: "జిగురు తేవద్దని అమ్మగారికి చెప్పండి."