గేటు తీసిందెవరు?

నాలుగో ఆవు బస్సు డ్రైవరు గుడారంలోకి తలదూర్చి, తల వెనక్కి తీసుకోలేక గుడారంతో సహా నడవడం మొదలుపెట్టేసరికి, ప్రశాంతత కోసం వచ్చినవాళ్ళంతా చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెడుతున్నారు.

డ్రైవరు తన గుడారం వెంట పరుగెడుతున్నాడు. ఆయన కూతుళ్ళిద్దరూ తమ వ్యాను టాపు మీదికెక్కి ఆవులకు పేర్లు పెడుతున్నారు. కుర్ర పళ్ళ డాక్టరు ఓ ఆవు నోట్లోంచి తన టూత్‌పేస్టు ట్యూబు లాక్కోవాలని చూస్తున్నాడు. రోజూ ఎందరి నోళ్ళో తెరిపించే మనిషి, ఈ ఒక్క నోటి ముందు మాత్రం చేతులెత్తేశాడు.

ఈ గందరగోళం మధ్య ప్లాస్టిక్ కుర్చీ మీద నిలబడి, చేతిలో గరిటెతో సేనాధిపతిలా ఉన్నాడు తాళాల షాపాయన.

“ఆవుల సంగతి తర్వాత,” అన్నాడు. “ముందు తేలాల్సింది ఒకటే. గేటు తీసిందెవరు?”

సముద్రానికి దగ్గర్లో ఉన్న చిన్న పాడి పొలం అది. దాన్ని నడిపే పెద్దావిడ ఓ మూల గడ్డి చదును చేయించి, ఒక కుళాయి, ఒక వంట షెడ్డు పెట్టి, గుడారాలు వేసుకునేవాళ్ళకు అద్దెకిస్తోంది. వచ్చినవాళ్ళంతా ఆమెను పెద్దమ్మ అంటారు. టీవీ లేదు, ఫోను సిగ్నల్ లేదు, గొడవ లేదు అని ఆమె నిన్న సాయంత్రమే చెప్పింది. ఆ మూడోది ఇప్పుడు అబద్ధమైంది. సిగ్నల్ లేదన్నది మాత్రం పచ్చి నిజం కావడంతో, రాత్రి పితికిన పాలు పోయడానికి టౌనుకెళ్ళిన ఆమెకు కబురు చేసే దారి లేకపోయింది.

గుడారాలకు అవతల పచ్చిక, పచ్చిక దాటితే ఇసుక దిబ్బ, దిబ్బ దాటితే సముద్రం. గుడారాలకూ పచ్చికకూ మధ్య దట్టమైన తుప్పల కంచె, దానికో ఇనుప గేటు. ఆవులు రాత్రంతా ఆ పచ్చికలోనే ఉంటాయి. అక్కడుండాల్సినవి ఇక్కడికొచ్చాయంటే గేటు ఎవరో తీసి వదిలేశారన్నమాట. ఇంతవరకూ అందరూ ఒప్పుకున్నారు.

“కానీ గేటుకి తాళం వేసే ఉంది కదండీ,” అన్నాడు డ్రైవరు, గుడారం తాడు గుంజుతూ. “ఇంత లావు తాళం.”

షాపాయన గొంతు సవరించుకున్నాడు.

ఆ తాళం ఆయనదే. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.

తెల్లవారుజామున మెలకువ వచ్చి గుడారంలోంచి తొంగిచూస్తే గేటు బార్లా తీసి కనిపించింది. ఇరవై ఏళ్ళుగా తాళాలమ్ముతున్న మనిషి. తీసున్న గేటును చూస్తూ పడుకోవడం ఆయన వల్ల కాలేదు. ఎక్కడికెళ్ళినా ఒక తాళం వెంట ఉంటుంది. చప్పుడు కాకుండా వెళ్ళి, గేటు మూసి, తాళం వేసి, అలవాటు కొద్దీ మూడుసార్లు లాగి చూసుకుని, హాయిగా వచ్చి పడుకున్నాడు.

ఇది బయటికి చెప్పుకోవచ్చు. చెప్పుకుంటే మెచ్చుకోవచ్చు కూడా. కానీ పక్కనే భార్య ఉంది.

పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడకు సముద్రం చూడాలని కోరిక. నాలుగుసార్లు బయల్దేరారు. నాలుగుసార్లూ సగం దారిలో ఆయనకు షాపు షట్టరు గుర్తొచ్చింది, లేదా ఇంటి వెనక తలుపు. చివరిసారి సముద్రం హోరు వినిపించే దాకా వచ్చి మరీ వెనక్కి తిరిగారు. ఈసారి బయల్దేరే ముందు ఆవిడ కేకలేమీ వేయలేదు. మెల్లిగా, చీర మడత పెట్టుకుంటూ చెప్పింది. ఈ రెండు రోజులూ ఏ తలుపు జోలికీ, ఏ తాళం జోలికీ వెళ్ళకూడదు. వెళ్ళినట్టు తెలిస్తే వచ్చేసారి నుంచి అక్కావాళ్ళతో వెళ్తుంది. ఆయన షాపులో తాళాలతో కాపురం చేసుకోవచ్చు.

ఆవిడ మెల్లిగా చెప్పిన మాటలు ఇంతవరకూ ఒక్కటీ తప్పలేదు. అందుకే ఆయన మెదడు పాదరసంలా పనిచేసింది.

“చాలా సులువండీ,” అన్నాడు డ్రైవరుతో. తెల్లవారకముందు ఎవరో గేటు తీసి వదిలేశారు. ఆవులు బయటపడ్డాయి. పెద్దమ్మ టౌనుకెళ్తూ గేటు తీసుండటం చూసి, చీకట్లో ఆవులు కనపడక, తాళం వేసి వెళ్ళిపోయింది. అంటే దోషి ఇంకా మన మధ్యే ఉన్నాడు.

ఇందులో పెద్దమ్మ పేరు తప్ప మిగతాదంతా ఆయన నిజంగానే నమ్మాడు. తను తాళం వేసేసరికే జరగాల్సింది జరిగిపోయిందని ఆయన లెక్క. ఆ లెక్కన తప్పు తనది కానే కాదు.

పళ్ళ డాక్టరు ముఖం పాలిపోయింది. సూర్యోదయం చూద్దామని చీకటితోనే దిబ్బ దాకా వెళ్ళి, మబ్బు పట్టి ఉంటే చీకట్లోనే తిరిగొచ్చానన్నాడు. వెళ్ళేటప్పుడు గేటు తీసే ఉందట, వచ్చేటప్పుడూ అలాగే వదిలేశాడట.

“అలాగే వదిలేశారా?” షాపాయన ఒక్కొక్క అక్షరాన్నీ తూచి అడిగాడు.

“మూయాలని తట్టలేదండీ.”

“గేటనేది ఎందుకుంటుంది డాక్టరుగారూ?”

డ్రైవరు గుడారం ఖరీదు తనే ఇచ్చుకుంటానని, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతానని గొణిగాడు డాక్టరు. షాపాయన భార్య అతనికో గ్లాసు టీ అందించి, భర్త వైపు ఒకసారి చూసింది.

దోషి దొరికాడు, కానీ ఆవులు మాత్రం దొరకడం లేదు. వాటిని మళ్ళీ పచ్చికలోకి తోలాలంటే గేటు తెరవాలి. డ్రైవరు జాకీ రాడ్డు తెచ్చి తాళం పగలగొడతానన్నాడు. అది విరగదని షాపాయన నోరుజారాడు. డ్రైవరుకు పౌరుషం వచ్చింది. చొక్కా చేతులు మడిచి బలంగా తిప్పాడు. రాడ్డు వంగింది. తాళం చెక్కుచెదరలేదు. ఎంత వద్దనుకున్నా షాపాయన ఛాతీ ఒక అంగుళం ఉబ్బింది.

“మీకు బాగా తెలిసిన తాళంలా ఉందే,” అంది భార్య.

ఛాతీ దిగిపోయింది.

ఎవరూ చూడకుండా గేటు తీసేద్దామని ఆయన రెండుసార్లు అటు జారుకోబోయాడు. రెండుసార్లూ భార్య ప్రత్యక్షమైంది. ఒకసారి టీలో చక్కెర సరిపోయిందా అని, ఇంకోసారి ఊరికే. జేబులో తాళంచెవి నిప్పుకణికలా తగులుతోంది.

ఈలోగా ఆవులకు వేరే ఆలోచన వచ్చినట్టుంది. అన్నీ కలిసి పశువుల షెడ్డు వైపు నడవసాగాయి. అక్కడికి వెళ్తే దాణా అంతా పాడుచేస్తాయని షాపాయన కేకేశాడు. డ్రైవరు తన విద్య చూపించాడు. వ్యానును దారికి అడ్డంగా, అటు ఒక జానెడు ఇటు ఒక జానెడు మాత్రమే మిగిలేలా పెట్టేశాడు. ఆవులు వ్యాను ముందు ఆగి, దీనంగా అరిచాయి. డ్రైవరు హారన్ కొట్టాడు.

ఆ హారన్ కొట్టకుండా ఉండాల్సింది. మంద మొత్తం ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. డ్రైవరు గుడారం ఉండిన చోటు వెనక, తుప్పల కంచెలో అంతదాకా ఎవరూ గమనించని సందులోంచి దూరి, పచ్చిక దాటి, దిబ్బ ఎక్కి అవతలికి మాయమైంది.

“సముద్రం,” అన్నాడు డాక్టరు నీరసంగా. ఇప్పుడు ఆవుల ఖరీదు కూడా ఇచ్చుకోవాలేమో.

అందరూ అటే పరుగెత్తారు. సందు దగ్గర డ్రైవరు మాత్రం టక్కున ఆగి, విరిగిన కొమ్మల్ని పట్టుకు చూశాడు.

“ఇదేంటండీ, ఇప్పుడు ఇటునుంచి అటు వెళ్ళాయి, సరే. మరి ఈ కొమ్మలు మన గుడారాల వైపుకి విరిగున్నాయేంటి? అంటే పొద్దున ఇక్కడికొచ్చింది గేట్లోంచి కాదు. ఈ కంచె పగలగొట్టుకుని వచ్చాయి.”

గేటు తీసుంటే కంచె పగలగొట్టుకోవాల్సిన అవసరం ఏ ఆవుకూ ఉండదు. షాపాయన ఆ ఆలోచనను మధ్యలోనే తుంచేసి, డ్రైవరును తోసుకుంటూ దిబ్బ ఎక్కాడు.

అవతల, మోకాలి లోతు నీళ్ళలో ఆవులన్నీ నింపాదిగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఆయన భార్య నిలబడి ఉంది. అల వచ్చి పాదాలు ముంచి, కాళ్ళకింద ఇసుక లాక్కుపోతుంటే పడిపోకుండా పక్కనున్న ఆవు మీద చెయ్యి వేసి నవ్వుతోంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ నవ్వు ఆయన చూసినట్టు లేదు.

వెనక మోపెడ్ చప్పుడు ఆగింది. పెద్దమ్మ కంచె సందులోంచి దూరి, చేతిలో ఖాళీ పాల క్యానుతోనే దిబ్బ దిగివచ్చింది. ఆవుల్నీ, మనుషుల్నీ ఒకసారి కలయజూసింది.

డాక్టరు ముందుకొచ్చాడు. గేటు తీసి వదిలేసింది తనేనని, ఏ శిక్షకైనా సిద్ధమేనని గబగబా అప్పజెప్పాడు.

“వదిలేస్తే మంచిపని చేశావు నాయనా,” అంది పెద్దమ్మ. “నేనడిగేది అది కాదు. నా గేటుకి తాళం వేసిందెవరు?”



ఆ గేటుకు తాళమే లేదట. తెల్లారకముందే తెరిచిపెట్టి ఆమె టౌనుకెళ్తుంది. పొదుగులు నిండగానే ఆవులు వాటంతటవే గేట్లోంచి నడిచి షెడ్డుకెళ్ళి, ఆమె వచ్చేదాకా వరసగా నిలబడతాయి. ఇవాళ గేటు మూసుంటే పాపం కంచె చీల్చుకుని వచ్చాయి. వచ్చి షెడ్డుకు పోబోతే, ఎవరో మహానుభావుడు వ్యాను అడ్డం పెట్టాడు.

డ్రైవరు తన పాదాల వైపు చూసుకుని, వెంటనే తేరుకున్నాడు. తీసి వదిలేసినవాడే తర్వాత భయపడి తాళం వేసుంటాడని తేల్చాడు. అందరూ మళ్ళీ డాక్టరు వైపు తిరిగారు.

డాక్టరు నుదురు రుద్దుకున్నాడు. “నేనే వేశానేమోనండీ,” అన్నాడు. “నాకైతే గుర్తులేదు.”

షాపాయన జేబులో తాళంచెవిని గట్టిగా పట్టుకున్నాడు. చెయ్యని తప్పు ఒకటి కాదు, వరసగా రెండు నెత్తికెత్తుకుంటున్నాడు ఆ అబ్బాయి. నోరు విప్పితే ఇక జన్మలో భార్యతో ప్రయాణం లేదు. విప్పకపోతే, ఈ అబ్బాయి ముఖం రోజూ అద్దంలో కనిపించేలా ఉంది. అక్కాబావలతో రైలెక్కి చెయ్యి ఊపుతున్న భార్యను ఒక్క క్షణం ఊహించుకుని, గుండె చిక్కబట్టుకుని, అడుగు ముందుకేశాడు.

“అది కాదు పెద్దమ్మా, అసలు సంగతేమిటంటే...”

“డాక్టరుగారు కాదు పెద్దమ్మా,” అంది భార్య నీళ్ళలోంచే. “ఎవరో నాకు తెలుసు. మూడుసార్లు లాగి చూడటం కూడా గుడారంలోంచి చూశాను.”

“చూసి ఇంతసేపూ నోరు మెదపలేదేమమ్మా?” అంది పెద్దమ్మ.

“చెబితే ఆ సిగ్గుకి అప్పుడే సామాను సర్దించి ఇంటికి బయల్దేరదీసేవారు. నేనింకా సముద్రం చూడలేదు.” ఆవిడ డాక్టరు వైపు తిరిగి, క్షమించు బాబూ, గుడారానికి ఇస్తానన్న డబ్బులు నీ దగ్గరే ఉంచుకో, మధ్యాహ్నం బస్సూ ఎక్కక్కర్లేదు అంది. ఇంకో అల వచ్చి పాదాలు ముంచి వెళ్ళేదాకా ఆగింది. అప్పుడు చెప్పింది.

“తాళం వేసింది మా ఆయన. వచ్చేసారి కూడా ఈయన్నే తీసుకొస్తాను, కాకపోతే జేబులు వెతికి.”

తప్పు ఒప్పుకున్న పుణ్యం కూడా ఆవిడ ఆయనకు దక్కనివ్వలేదు.