ఇంట్లో పక్షులేమీ లేవండీ

ఆదివారం పొద్దున వాచీల మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. డాక్టరుకి ఛాతీ చూపించుకోవాలి, సిరప్ సీసా తెచ్చుకోవాలి, పది గంటలకల్లా ఇంటికొచ్చి భార్య ఫోన్ కోసం కాచుకోవాలి. ఆవిడ వేరే ఊరికి బదిలీ అయి ఎనిమిది నెలలైంది. పడకగదిలోని పంజరం, అందులోని నాలుగు లవ్‌బర్డ్స్ తప్ప ఆయనకి వేరే తోడు లేదు. వాటి కిచకిచలు వింటుంటే ఆవిడ పక్కగదిలోనే ఉన్నట్టు ఉంటుంది.

దగ్గు మాత్రం పనికి అడ్డం పడుతోంది. ఆవగింజంత స్క్రూని పట్టకారుతో ఎత్తగానే దగ్గొస్తుంది, స్క్రూ ఎటో ఎగిరిపోతుంది, ఆయన గంటసేపు బల్ల కింద దేవులాడతాడు.

"ఇంట్లో పక్షులేమైనా పెంచుతున్నారా?" అని అడిగాడు డాక్టరు. "ఈకల దుమ్ము, ఎండిన రెట్టల పొడి రోజూ పీలిస్తే ఇలాగే ఊపిరాడదు."

"పక్షులా? అబ్బే, ఇంట్లో పక్షులేమీ లేవండీ!"

ఉన్నాయంటే తీసేయమంటాడు. ఆవిడ తిరిగొచ్చి పిట్టలేవని అడిగితే ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

"అయితే తివాచీ అయ్యుంటుంది. తీసేయండి."

తివాచీ పోయింది, దగ్గు పోలేదు. మరుసటి వారం దూదిపరుపు, ఆ పై వారం కర్టెన్లు, తర్వాత సోఫా, పుస్తకాల బీరువా, ఒక్కొక్కటే తమ్ముడింటికి తరలిపోయాయి. డాక్టరు పట్టు వదల్లేదు, ఈయన నోరు విప్పలేదు. చివరికి ఈయన చాప మీద, పిట్టలు పంజరంలోని ఊయల మీద మిగిలారు.

కిటికీలోంచి ఇదంతా చూస్తున్న ఎదురింటి పిన్నిగారు ఉండబట్టలేక ఆయన భార్యకి ఫోన్ చేసేసింది. "అమ్మాయ్, మీ ఆయన ఇల్లు ఖాళీ చేసేస్తున్నాడు! నీకు చెప్పాడా?"

మర్నాడు పొద్దున్నే ఆవిడ గుమ్మంలో ప్రత్యక్షమైంది. బోసిపోయిన గదిని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నన్నొదిలేసి ఎక్కడికి పోదామని?"

"నేనెక్కడికి పోతానే! నువ్వెప్పుడొస్తావా అని గుమ్మం వంకే చూస్తున్నా," అంటూ దగ్గుకీ దగ్గుకీ మధ్య ఆయన సంగతంతా చెప్పాడు. "నీ పిట్టల్ని ఎలా పంపించేస్తాను?"

"నా పిట్టలా?" ఆవిడ చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "మీరు ముచ్చటపడి తెచ్చుకున్నారని ఊరుకున్నా! అవొచ్చిన నెలకే నాకు ఆయాసం పట్టుకుంది. తీసేయమంటే చిన్నబుచ్చుకుంటారని, నేనే బదిలీ పెట్టుకుని వెళ్ళిపోయా."

"నీకోసమే కదే తెచ్చింది!"

ఇద్దరూ చాప మీద కూలబడ్డారు. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. అక్కడ ఒక్కతే ఎలా గడిపిందో ఆవిడా, ఇక్కడ ఒక్కడే ఎలా ఉన్నాడో ఆయనా చెప్పుకునేసరికి మధ్యాహ్నం దాటింది.

సాయంత్రానికి పిట్టలు పార్కులోని పెద్ద పంజరానికి చేరాయి. ఆవిడ అక్కడే బెంచీ మీద కూర్చుని, బదిలీ రద్దు చేయమని అర్జీ రాసింది. ఆయన పక్కనే కూర్చుని వాక్యం వాక్యానికీ "ఇంకాస్త బతిమాలు" అంటూనే ఉన్నాడు.

సొంత కోరికపై తీసుకున్న బదిలీని మూడేళ్ళ వరకూ రద్దు చేయడం వీలుపడదని ఆఫీసు వెంటనే జవాబిచ్చింది.