చుక్కి తోక

తేజస్వి బాపట్ల నుంచి తిరిగొచ్చేలోపు చుక్కి పెట్టెను తళతళా కడిగి ఉంచాలని వెంకటప్పయ్య ఆ ఉదయం కాఫీ తాగుతూ అనుకున్నాడు. చుక్కి ఆయన కోడలు పెంచుకుంటున్న బల్లి. గోడల మీద పాకే రకం కాదు. పసుపు ఒంటి మీద నల్లచుక్కలు, లావుపాటి తోక, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే మూతి. పెళ్లయి తెనాలి కాపురానికి వస్తూ తేజస్వి దాన్ని గాజు పెట్టెతో సహా ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. అత్తగారు కనకదుర్గ ఆ రోజే ఆ గది గడప తొక్కడం మానేసింది. వెంకటప్పయ్య మాత్రం, ఎరువుల కొట్టు కొడుకు రాజీవ్‌కి అప్పగించాక పొద్దుపోక, తవుడు డబ్బాలోంచి పురుగుల్ని తీసి చుక్కి నోటికి అందించడం నేర్చుకున్నాడు. పిన్నికూతురి పెళ్లికి భర్తతో కలిసి బాపట్ల వెళ్తూ తేజస్వి, "మిమ్మల్ని నమ్మి వదిలివెళ్తున్నా మామయ్యగారూ" అంది. ఇంట్లో తననెవరైనా నమ్మి ఏదైనా వదిలివెళ్లి చాలాకాలమైంది కాబట్టి ఆయనకి ఆ మాట బాగా నచ్చింది.

చుక్కిని పాత తువ్వాలు మీద దించి పెట్టె కడుగుతుండగా వీధిలో ఆటో హారన్ మోగింది. చుక్కి బెదిరి తలుపు వైపు పరుగుతీసింది. ఆయన గభాలున వంగి చేతికి దొరికిన చోట పట్టుకున్నాడు. దొరికింది తోక. చుక్కి మంచం కిందికి పోయింది. తోక మాత్రం ఆయన వేళ్ల మధ్య గిలగిలా కొట్టుకుంటూ మిగిలిపోయింది.

ఆయన కేకకి కనకదుర్గ గుమ్మం దాకా వచ్చింది. "అయ్యయ్యో, చంపేశారా?"

"లేదే. కాస్త నా దగ్గరుంది, మిగతాది మంచం కిందుంది."

పురుగు ఆశచూపి బయటికి రప్పించి పెట్టెలో పెట్టాడు. చుక్కి కదలకుండా పడుకుంది. సాయంత్రం దాకా బతకదని ఆయన తేల్చేసుకున్నాడు. అంతలో తేజస్వి వీడియో కాల్ చేసింది.

"చుక్కిని ఒకసారి చూపించండి మామయ్యగారూ."

"నిద్రపోతోందమ్మా."

మళ్లీ చేస్తే సిగ్నల్ సరిగా లేదన్నాడు. మూడోసారి నోరు జారి, "కొంచెం నలతగా ఉంది" అనేశాడు.

"అయితే ఇప్పుడే బయల్దేరి వచ్చేస్తున్నా."

పీటల మీద పెళ్లి పెట్టుకుని పిల్ల వచ్చేస్తే వియ్యాలవారి ముందు ఏం బాగుంటుందని కనకదుర్గ ఫోన్ లాక్కుంది. "వచ్చి చేసేదేం లేదమ్మా. పోయింది. మనసు రాయి చేసుకో."

అటువైపు ఏడుపు. "కడసారి చూస్తాను అత్తయ్యగారూ, అలాగే ఉంచండి."

"మీ మామయ్యగారు పాతిపెట్టేశారమ్మా."

"ఆ చోటైనా చూస్తాను. రైలుకి వస్తున్నాం."

పెరట్లో నందివర్ధనం పక్కన వెంకటప్పయ్య గొయ్యి తీశాడు. పాతడానికి చేతిలో ఉన్నది తోకే కనుక దాన్నే మిఠాయి డబ్బాలో పెట్టి పాతాడు. పైన నాలుగు పువ్వులు చల్లాడు. ఇక ప్రాణంతో ఉన్నదాన్ని ఇల్లు దాటించాలి. రేపల్లె నుంచి వారానికోసారి చేపలు తెచ్చే నాగులు సమయానికి వచ్చాడు.

"దీన్ని మీ ఇంట్లో ఉంచు నాగులూ. నేనొచ్చి తెచ్చుకుంటా."

"బల్లినా? మా ఇంట్లో ఉన్నయ్యి చాలవా ఏంటి బాబాయ్‌గారూ?" అంటూనే నాగులు చిల్లులు పొడిచిన డబ్బాని చేపల బుట్టల మధ్య జాగ్రత్తగా సర్దుకున్నాడు.

రైలు దిగి వచ్చి, పట్టుచీర కూడా మార్చుకోకుండా తేజస్వి గొయ్యి దగ్గర కూర్చుంది. కళ్లు తుడుచుకుని అడిగింది. "ఉన్నట్టుండి ఎందుకు పోయిందంటారు? తోకేమైనా ఊడిందా?"

వెంకటప్పయ్య గొయ్యి మీది పువ్వొకటి సర్దుతూ అడిగాడు. "ఊడితే?"

"ఊడినా ఏం కాదు, మళ్లీ వచ్చేస్తుంది. ఒకసారి మూత వేస్తూ నేనే ఊడగొట్టాను. మీరు చూసింది రెండో తోక."

ఆయన నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఆమె ఆయన చేయి పట్టుకుంది. "బల్లే కదా అని మీరు అవతల పారేయలేదు. పువ్వులు కూడా పెట్టారు. మా నాన్న కూడా ఇంత చేసేవారు కాదు మామయ్యగారూ." ఆయన నోరు మూసుకున్నాడు.

తెల్లారగానే రేపల్లె రైలెక్కాడు. చుక్కిని తెచ్చి ఆమె చేతిలో పెట్టి కాళ్లావేళ్లా పడైనా క్షమించమనాలని దారంతా మాటలు కూర్చుకున్నాడు. నాగులు భార్య సుబ్బులు ఎదురొచ్చింది.

"వదిలేశానండి బాబాయ్‌గారూ. తోక లేని జీవాన్ని డబ్బాలో పెట్టి ఉంచడానికి మనసొప్పలేదు. అదిగో, ఆ కట్టెల దగ్గరే దించాను."

ఆయన పంచె ఎగ్గట్టి కట్టెలన్నీ ఒక్కొక్కటే తీశాడు. ఇరుగుపొరుగు చేరి ఏం పోయిందని అడిగారు. బల్లి అన్నాడు. వాళ్లు మంచివాళ్లు. గోడల మీదున్న బల్లుల్ని చూపిస్తూ, "ఇది కాదాండి? పోనీ అది?" అని మధ్యాహ్నం దాకా సాయం చేశారు. చుక్కి దొరకలేదు. పెట్టెలోని వెచ్చటి పలక మీద పడుకుని, ఆయన చేత్తో పెడితే తినే అలవాటు దానిది. ఆ తడి మట్టిలో దానికెవరు పెడతారని ఆయన తిరుగు రైల్లో తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికొచ్చి ఏదీ దాచకుండా చెప్పేశాడు. కనకదుర్గ కూడా, "నిజమేనమ్మా, ముందు అబద్ధమాడింది నేనే" అంది. తేజస్వి ఇద్దరినీ మార్చిమార్చి చూసింది. ఆమె కళ్లు మళ్లీ నిండాయి.

"ఎక్కడో బతికే ఉందంటే నేను ఏడవడం మానేస్తాననేగా ఈ కథంతా మామయ్యగారూ? ఇది నిజమనిపించడానికి రేపల్లె దాకా వెళ్లొచ్చారా?"

"తవ్వి చూడమ్మా! తోకొక్కటే ఉంటుంది."

"వద్దండి. దాన్ని కదపొద్దు." ఆమె ఆయన కాళ్లకి దణ్ణం పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత వెంకటప్పయ్య చాలాసార్లు రేపల్లె వెళ్లాడు. సుబ్బులు ఆయన్ని చూడగానే కట్టెల దగ్గర పీట వేసి, మంచినీళ్లిచ్చి, తన పని తను చూసుకుంటుంది.

అంత మంచి మామగారు తెనాలి మొత్తంలో లేరని తేజస్వి బాపట్ల వెళ్లినప్పుడల్లా ఇప్పటికీ అందరికీ చెబుతూనే ఉంది.