మంప్సిమస్‌కు ఒక ఉదాహరణ

ఆ ఉదయం నిఘంటుకారుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. గడియారం సరిచేయాలి, స్నానం చేయాలి, ఆఫీసుకు వెళ్ళి ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ‘ఎమ్’ అక్షరంలో మిగిలిన ఒకే ఒక్క మాటను మధ్యాహ్నంలోపు అచ్చుకు పంపాలి. నాలుగేళ్ళ పని. సంపుటం మొదటి పేజీలో అతని పేరు పడుతుంది. ఆ పేరును అతను మనసులో ఇప్పటికే చాలాసార్లు అచ్చువేసి, అక్షరాల సైజు మార్చి మార్చి చూసుకున్నాడు.

సరిగ్గా ఏడూ పదికి, రోజూలాగే, కుర్చీ ఎక్కి హాల్లోని గోడ గడియారాన్ని నిటారుగా నిలబెట్టాడు. లోలకం ఉన్న పాత గడియారం. పెళ్ళికి మామగారు ఇచ్చింది. సాయంత్రం అతను ఇల్లు చేరేసరికి అది బొటనవేలంత ఎడమకు ఒరిగి ఉంటుంది. దానంతటది ఒరగడం లేదని, భార్యే వంచుతోందని అతనికి ఇరవై రెండేళ్ళుగా తెలుసు.

"దాని జోలికి పోకండీ," అంది ఆవిడ వంటింట్లోంచి.

"వంకరగా ఉంటే నడవదు."

"నడుస్తోందిగా!"

"రోజూ నేను సరిచేస్తున్నాను కాబట్టి నడుస్తోంది."

ఆవిడ ఏదో అనబోయింది. ఇంతలో పాలు పొంగాయి. ఆ ఇంట్లో చాలా వాదనలను పాలే గెలిచేవి. అతను కుర్చీ దిగి స్నానాల గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆఫీసులో అతనికోసం ఎదురుచూస్తున్న మాట ‘మంప్సిమస్’. ఇంగ్లీషువాళ్ళలోనే చాలామంది వినని మాట. దాని వెనక ఒక కథ చెబుతారు. పూర్వం ఒక మతగురువు ప్రార్థనలోని ‘సుంప్సిమస్’ అనే లాటిన్ మాటను ముప్పై ఏళ్ళపాటు మంప్సిమస్ అని చదివాడట. తప్పని ఎవరో చూపిస్తే, మీ కొత్త సుంప్సిమస్ కోసం నా పాత మంప్సిమస్‌ను వదులుకోను పొమ్మన్నాడట. కథ నిజమో కాదో గాని, ఏ అర్థమూ లేని ఆ మాటకు కాలం అర్థాలు తెచ్చిపెట్టింది. చూపించినా తప్పు వదలని మనిషికీ, ఆ మనిషి వదలని తప్పుకూ కూడా అదే పేరైంది.

అర్థం రాయడం తేలికే. చిక్కంతా ఉదాహరణతోనే. ఉదాహరణ కల్పించి రాయకూడదన్నది ఆ కార్యాలయం నియమం. నిజంగా జరుగుతున్న సంగతిని చీటీ మీద రాసి, కింద పేరూ చిరునామా పెట్టి రేకుపెట్టెలో వేయాలి. తనిఖీ మాస్టారు ఆ చోటికి వెళ్ళి కళ్ళారా చూసి ఆకుపచ్చ సిరాతో సంతకం చేస్తేనే అది అచ్చవుతుంది. పెట్టెలో పడ్డ చీటీని రాసినవాడు కూడా వెనక్కి తీసుకోలేడు. దిద్దే హక్కు మాస్టారు ఒక్కరిదే. కల్పితమని తేలితే సంపుటంలోంచి పేరు లేచిపోతుంది. అలా పేరు పోగొట్టుకున్న ‘ఎఫ్’ అక్షరం పండితుడు ఎదుటి గదిలో ఆరేళ్ళుగా పేజీలకు నంబర్లు వేస్తున్నాడు.

నిఘంటుకారుడు కలం నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. పెద్దగా వెతుక్కోవలసిన పని లేకపోయింది. "ఒక గృహిణి, నిటారుగా ఉన్న గోడ గడియారాన్ని ఇరవై రెండేళ్ళుగా రోజూ వంచుతోంది. ఎంత చెప్పినా మానదు. ఆవిడ మంప్సిమస్," అని రాసి, కింద భార్య పేరూ ఇంటి చిరునామా పెట్టి పెట్టెలో వేశాడు. ఎదుటివాళ్ళ తప్పుకు సరైన పేరు దొరికినప్పుడు కలిగే హాయి వేరు. వాళ్ళను మార్చాలన్న కోరిక కూడా కాసేపు చల్లారుతుంది.

ఆ హాయిలో ఉండగానే ఫోను మోగింది.

"ఏమండీ, ఇవాళ ఎమ్ అయిపోతుందన్నారుగా? మొదటి కాపీ నాకే ఇవ్వాలి. అక్షరం వదలకుండా చదువుతాను."

ఆవిడ చదువుతుందన్న సంగతి నాలుగేళ్ళలో అతనికి ఒక్కసారి కూడా తట్టలేదు. పరుగెత్తి వెళ్ళి చూస్తే రేకుపెట్టె ఖాళీగా ఉంది.

"మాస్టారు ఇప్పుడే బయలుదేరారు," అన్నాడు ప్రూఫ్‌రీడరు. "అడ్రసు చూసి, దగ్గరేగా అన్నారు."

నిఘంటుకారుడు ఇంటికి ఫోను చేశాడు. నిజం చెప్పే ధైర్యం లేదు, అబద్ధం అల్లే తీరిక లేదు. "గడియారం చూడ్డానికి ఒకాయన వస్తున్నాడు. నువ్వేం మాట్లాడకు. నేను వచ్చేస్తున్నా," అని పెట్టేశాడు.

ఇరవై రెండేళ్ళుగా భర్త మనసు చదువుతున్న మనిషి కనుక, దాన్ని తప్పుగా చదవడానికి ఆవిడకు క్షణం పట్టలేదు. నాన్న ఇచ్చిన గడియారాన్ని అమ్మేస్తున్నాడు! పై అంతస్తులో ఉండే తమ్ముణ్ణి కేకేసింది. తమ్ముడు లిఫ్టులు బిగించే మెకానిక్కు. అక్క కళ్ళలో నీళ్ళు చూసి ఇంకేమీ అడగకుండా గడియారం దించి, దుప్పటిలో చుట్టి మంచం కిందికి తోసేశాడు.

నిఘంటుకారుడు రొప్పుతూ ఇంట్లో అడుగుపెట్టేసరికి మాస్టారు ఖాళీ గోడ ముందు నిలబడి రాసుకుంటున్నారు. గడియారం లేదు! అతని ప్రాణం లేచొచ్చింది. మాస్టారి భుజం మీదుగా ఆకుపచ్చ అక్షరాలు చదివాడు: "గడియారమే లేదు. ఉదాహరణ కల్పితం." లేచొచ్చిన ప్రాణం మళ్ళీ కూలబడింది. కళ్ళముందు ఎఫ్ పండితుడు, పక్కన ఒక ఖాళీ కుర్చీ కనిపించాయి.

"ఉంది మాస్టారూ! గడియారం ఉంది! ఏదోయ్, ఎక్కడ?"

"ఏ గడియారం బావా?" అన్నాడు బావమరిది అమాయకంగా.

"మీ నాన్న ఇచ్చింది!"

"మా నాన్న మీకు గడియారం ఇచ్చాడా? అక్కా, నీకేమైనా తెలుసా?"

"నాకు తెలీదురా," అంది ఆవిడ, భర్త వంక సూటిగా చూస్తూ.

"టైము పక్కింటివాళ్ళని అడుగుతామన్నాడు ఈ అబ్బాయి," అన్నారు మాస్టారు.

"అదిగో, గోడ చూడండి! గడియారం ఉన్నచోట సున్నం తెల్లగా లేదూ?"

మాస్టారు చూశారు. తెల్లగానే ఉంది. అయితే ఆ తెల్లటి చోటు బొటనవేలంత ఎడమకు ఒరిగి ఉంది.

"ఎంతకి బేరం పెట్టారు?" అంది ఆవిడ భర్తతో.

"బేరమేంటి? ఇది చీటీ కోసం..."

"ఏం చీటీ?"

మాస్టారికి దాపరికం తెలియదు. చీటీ మొత్తం, పేరూ చిరునామాతో సహా, బడిలో పాఠంలా పైకి చదివారు. వంటింట్లో పాలు కూడా పొంగలేదు.

"తీసుకురారా," అంది ఆవిడ తమ్ముడితో.

నిలువుగా లేనిదేదీ సహించలేని తమ్ముడు రసమట్టం పెట్టి, వెంట్రుకవాసి తేడా లేకుండా గడియారం తగిలించి లోలకం కదిపాడు. పది టిక్కులకు అది ఆగిపోయింది. మళ్ళీ కదిపాడు. మళ్ళీ ఆగింది.

"దుప్పట్లో చుట్టినప్పుడు ఏదో అయుంటుంది," అన్నాడు నిఘంటుకారుడు.

ఆవిడ కుర్చీ ఎక్కి, రెండు వేళ్ళతో గడియారాన్ని ఎడమకు నెట్టింది. టిక్కు టిక్కుమంటూ అది నడిచింది. మాస్టారు చేతివాచీ చూస్తూ పావుగంట కదలకుండా నిలబడ్డారు.

"లోపలి మిషనే వంకరగా బిగించారు బావా," అన్నాడు బావమరిది.

"రోజూ నిటారుగా పెట్టేదెవరమ్మా?" అడిగారు మాస్టారు.

"ఆయన."

"ఆగాక నడిపించేది?"

"ఆయన స్నానానికి వెళ్ళగానే నేను."

"మరి చెప్పలేదా?"

"మొదటి ఏడాదే చెప్పానండీ. లోలకాల మీద పుస్తకం తెచ్చి చదివి వినిపించారు. అప్పట్నించి నోటితో చెప్పడం మానేశాను."

నిఘంటుకారుడికి కోపం తెచ్చుకుందామనిపించింది, కాని ఎవరిమీదో తోచలేదు. ఇరవై రెండేళ్ళు తను ఆపుతూ వచ్చిన కాలాన్ని వెనకే వచ్చి ఒక మనిషి నోరెత్తకుండా నడిపించింది. ఆవిడ కుర్చీ జరిపే చప్పుడు తనకు వినబడకుండా కుళాయి ఎంత ధారగా తిప్పేవాడో అతనికి గుర్తొచ్చింది.

మాస్టారు ‘కల్పితం’ కొట్టేశారు. ‘గృహిణి’ కొట్టేసి ‘గృహస్థు’ అనీ, ‘నిటారుగా ఉన్న’ కొట్టేసి ‘ఒరిగితేనే నడిచే’ అనీ, ‘వంచుతోంది’ కొట్టేసి ‘నిలబెడుతున్నాడు’ అనీ, ‘ఆవిడ’ కొట్టేసి ‘ఆయన’ అనీ దిద్ది, కింది పేరు మార్చి సంతకం చేశారు. "నా సర్వీసులో ఇంత స్వచ్ఛమైన ఉదాహరణ చూడలేదు. మీ పేరుకేం భయం లేదు, సంపుటంలో ఉంటుంది."

"మొదటి పేజీలోనేనా?"

"రెండుచోట్ల."

నెల తరవాత మొదటి కాపీ ఆవిడ చేతికే వచ్చింది. అక్షరం వదలకుండా చదివింది. ఆ పేజీ దగ్గర మాత్రం నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంది. అతనూ నవ్వాడు. ఇక జన్మలో గడియారాన్ని ముట్టుకోనని పుస్తకం మీద చెయ్యేసి చెప్పాడు.

మర్నాడు ఉదయం సరిగ్గా ఏడూ పదికి, రోజూలాగే, గడియారం నిటారుగా ఆగిపోయింది.